సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి బస్తీలో కంప్యూటర్ నేర్పాలంటే ఎలా?

గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో పదేళ్ళు పనిచేసి, ఫ్లాటూ కారూ అయ్యాక, ‘ఇక చాలు, పిల్లలకి కంప్యూటర్ నేర్పుకుంటూ ఉందాం’ అనుకునేవాళ్ళు ఈమధ్య ఎక్కువగానే తగులుతున్నారు. అందులో లేఆఫ్‌ల టెన్షన్ కొంత, విసుగు కొంత, నిజమైన కోరిక కొంత. కారణం ఏదైనా తప్పు లేదు. ఆ కోరికను పనిలో పెట్టడం ఎలాగో వరసగా చెప్తాను. హైదరాబాద్‌ని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. విజయవాడకైనా వరంగల్‌కైనా పెద్ద తేడా ఉండదు.

ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. ఇలాంటి సెంటర్‌ని నిలబెట్టేది సాయంత్రం ఐదింటికి తాళం తీసి రోజూ కూర్చునే మనిషి. ఆ మనిషి ఆ బస్తీవాళ్ళే అయ్యుండాలి. మీరు ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ అయినా, కొండాపూర్ నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ రోజూ అక్కడికి చేరలేరు. కాబట్టి చోటు చూసినా, మెషిన్ కొన్నా, పాఠం రాసినా ‘రేపు ఇక్కడ కూర్చోబోయే అమ్మాయికి ఇది పనికొస్తుందా?’ అని మిమ్మల్ని మీరే అడిగి చేయండి.

ముందు వేరేవాళ్ళ సెంటర్‌లో కూర్చోండి

రాజీనామా సంగతి తర్వాత. ఉద్యోగంలో ఉండగానే ఒక ఆర్నెల్లు శని, ఆదివారాలు ఇప్పటికే నడుస్తున్న చోటికి వెళ్ళండి. హైదరాబాద్‌లో వీటికి కొదవ లేదు. ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో ఉన్న స్వేచ్ఛ, బిట్స్ పిలానీ విద్యార్థులు మొదలుపెట్టిన నిర్మాణ్ లాంటి సంస్థలు వాలంటీర్లతోనే చాలా పని నడుపుతాయి. బెంగళూరులో ఉన్నవాళ్ళు అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ గురించి వాకబు చేయండి. సుదర్శన్ లేఅవుట్ బస్తీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, విద్యార్థులు కలిసి విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసిన మెషిన్లతో నడిపిన సెంటర్ అది.

మీ కంపెనీ ఏడాదికోసారి పెట్టే ‘వాలంటీరింగ్ డే’ని మాత్రం అనుభవం కింద లెక్కేసుకోకండి. టీషర్టు, బ్యానరు, గ్రూప్ ఫొటో, సమోసా, మధ్యాహ్నం మూడింటికి బస్సు. అక్కడ మీకు తెలిసేది ఏమీ ఉండదు.

సెంటర్‌కి వెళ్ళగానే పాఠం చెప్పడానికి ఎగబడకండి. మొదటి నెల హాజరు రిజిస్టర్ రాయండి. ఎవరొస్తున్నారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అన్నది అందులోనే దొరుకుతుంది. చీకటి పడితే ఆడపిల్లల్ని ఇంట్లోవాళ్ళు పంపరు. పదో తరగతి పరీక్షలప్పుడు బెంచీలు ఖాళీ. సంక్రాంతికి ఊరెళ్ళినవాళ్ళు పది రోజులదాకా రారు. నీళ్ళ ట్యాంకర్ వచ్చిన సాయంత్రం సగం క్లాసు బిందెలు పట్టుకుని లైన్లో ఉంటుంది. టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఆ ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలిసుండాలి.

ఆర్నెల్ల తర్వాత కూడా సోమవారం ఆఫీసు టీమ్ స్టాండప్ కాల్‌లో కూర్చుని ఆ పిల్లల గురించే ఆలోచిస్తుంటే ముందుకెళ్ళండి. లేకపోతే ఉద్యోగం చేసుకుంటూ శనివారం వాలంటీర్‌గానే ఉండిపోండి. క్రమం తప్పకుండా వచ్చే శనివారం వాలంటీర్ దొరకడం ఏ సంస్థకైనా అదృష్టమే.

ఇంట్లో లెక్క తేల్చుకోండి

ఎన్జీవోలో మంచి పోస్టు దొరికినా మీ ఇప్పటి జీతంలో నాలుగో వంతో, ఐదో వంతో వస్తుందనుకోండి. సొంతంగా పెడితే మొదట్లో ఏమీ రాదు. కాబట్టి హోమ్ లోన్ ఈఎమ్‌ఐ ఉంటే ముందు దాన్ని వీలైనంత తగ్గించుకోండి. ఇంటి ఖర్చుకి రెండేళ్ళ డబ్బు పక్కన పెట్టాకే రాజీనామా పేపర్లు వేయండి.

తేదీ ఎంచుకోవడంలో తొందరపడొద్దు. గ్రాట్యుటీకి ఒకే కంపెనీలో ఐదేళ్ళ సర్వీసు లెక్క. నాలుగున్నరేళ్ళు అయ్యుంటే ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి. స్టాక్స్, బోనస్ చేతికొచ్చే నెలలు చూసుకోండి. పీఎఫ్ ముట్టుకోకండి. ఐదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది. నోటీస్ పీరియడ్ రెండు మూడు నెలలు ఎలాగూ ఉంటుంది, ఆ సమయం కాగితాల పనికి సరిపోతుంది.

అందరూ మర్చిపోయేది ఆరోగ్య బీమా. కంపెనీ గ్రూప్ పాలసీ మీ ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది. అమ్మకి షుగరు, నాన్నకి బీపీ ఉంటే కొత్త పాలసీలో పాత జబ్బులకి మూడేళ్ళ వరకు వెయిటింగ్ పెట్టొచ్చు. అందుకే ఉద్యోగంలో ఉండగానే, కనీసం ఏడాది ముందే, సొంత పాలసీ తీసుకోండి. లేదా గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో హెచ్ఆర్‌ని అడగండి. అడగాల్సింది మానేసే ముందు, మానేశాక కాదు.

చుట్టాల సంగతి. ‘ఉద్యోగం పోయిందటగా?’ అని ఫోన్లు వస్తాయి. పెళ్ళి కానివాళ్ళకి సంబంధాలు తగ్గుతాయి, అబద్ధం చెప్పను. భార్యాభర్తలు ముందుగా ఒక మాట మీద ఉంటే మిగతావాళ్ళని నెట్టుకురావచ్చు. ‘రెండేళ్ళు చూస్తా, కుదరకపోతే మళ్ళీ ఉద్యోగంలో చేరతా’ అని గడువు చెప్పండి. తల్లిదండ్రులకి ఆ గడువే ధైర్యం.

చేరడమా, సొంతంగా పెట్టడమా

మన ఐటీవాళ్ళకి ఏ పని మొదలుపెట్టినా ముందు లోగో, వెబ్‌సైటు, సంస్థ పేరు కావాలి. నా సలహా: మొదటి రెండేళ్ళు రిజిస్ట్రేషన్ జోలికి పోకండి. ఉన్న సంస్థలో జీతానికో, గౌరవ వేతనానికో చేరి, వాళ్ళ పేరు కింద ఒక సెంటర్ బాధ్యత తీసుకోండి. ఊరికే జాగ్రత్త కోసం ఈ మాట అనడం లేదు, చట్టాలే అలా ఉన్నాయి.

కంపెనీలు సామాజిక పనులకి ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవాలంటే సంస్థకి ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఎ (సంస్థకి పన్ను మినహాయింపు), 80జి (దాతలకి పన్ను మినహాయింపు) ఉండాలి, సీఎస్‌ఆర్-1 ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి, పైగా ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం చూపించాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారినా ఆడిటర్లంతా పాత పేర్లతోనే పిలుస్తున్నారు కాబట్టి నేనూ అవే వాడుతున్నాను. విదేశీ విరాళాలకి వాటిని నియంత్రించే చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ, కింద రిజిస్ట్రేషన్ కావాలి. దానికీ మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో అసలు పని మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి. వచ్చిన డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి ఇవ్వడానికి కూడా లేదు. అంటే ఈ రోజు మీరు సంస్థ రిజిస్టర్ చేస్తే మూడేళ్ళు పెద్ద డబ్బేదీ గుమ్మం తొక్కదు.

అమెరికాలో ఉన్న మన స్నేహితుల దగ్గర అందరూ తడబడేది ఒకటుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, భారత సంతతి విదేశీయులకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ‘మా బావే కదా’ అని ఖాతాలో వేయించుకుంటే తర్వాత చిక్కులు. పాస్‌పోర్టు కాపీ అడిగి తీసుకుని ఫైల్లో పెట్టండి, మొహమాటం వద్దు.

రెండేళ్ళ తర్వాత కూడా సొంత సంస్థే కావాలంటే మూడు దారులు. 2001 నాటి సొసైటీల చట్టం కింద సొసైటీ: కనీసం ఏడుగురు సభ్యులుండాలి, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కమిటీ వివరాలు రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. ట్రస్టు: డీడ్ రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవడమే, అన్నిటికంటే సులువు. సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభం పంచుకోని కంపెనీ: ఇద్దరితో పెట్టొచ్చు, కార్పొరేట్ దాతలు దీన్నే ఇష్టపడతారు, కానీ ఆడిటూ ఫైలింగుల ఖర్చు ఎక్కువ. సొసైటీ పెట్టేవాళ్ళు ఏడుగురినీ ఆఫీసు స్నేహితులతో నింపేయకండి. బస్తీ నుంచి ఇద్దరు ముగ్గురు ఉంటే రేపు గది యజమాని గొడవపడిన రోజున మీ తరఫున మాట్లాడేది వాళ్ళే.

చోటు

మంచి చోటు అంటే ఆడవాళ్ళు ఎవర్నీ అడక్కుండా రాగలిగిన చోటు. అంతకుమించి చూడాల్సింది తక్కువ. మహిళా సంఘాల సమాఖ్య భవనం దొరికితే కళ్ళకద్దుకుని తీసుకోండి. కమ్యూనిటీ హాలు బాగుంటుంది గానీ పెళ్ళిళ్ళ సీజన్లో మీ కంప్యూటర్లు మూలకి పోతాయి. ప్రభుత్వ బడి అయితే ప్రధానోపాధ్యాయుడితో పాటు మండల విద్యాధికారి నుంచి కాగితం రాయించుకోండి. హెడ్మాస్టరు బదిలీ అయితే ఆ కాగితమే మిగులుతుంది. శాఖా గ్రంథాలయాల్లో గదులు ఖాళీగా ఉంటాయి, అడిగేవాళ్ళే తక్కువ. గుడి, చర్చి, మసీదు గదులు ఉచితంగా వస్తాయి కానీ బస్తీలో కొందరు గుమ్మంలోనే ఆగిపోతారు. పార్టీ నాయకుడి గది అయితే ఎన్నికలు వచ్చిన రోజున ఖాళీ చేయాల్సిందే.

చేరేముందు కరెంటు మిస్త్రీని తీసుకెళ్ళి ఎర్తింగ్ చూపించండి. అద్దె గదుల్లో మూడో పిన్ను చాలాసార్లు అలంకారానికే ఉంటుంది.

మెషిన్లు

ఇప్పుడు పాత ల్యాప్‌టాప్‌లు దొరకడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి మాత్రమే కుదురుతుంది. అంతకంటే పాతవి ఎంత బాగా నడుస్తున్నా కంపెనీలు తీసేస్తున్నాయి. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి, పాత హార్డ్ డిస్క్ స్థానంలో వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ పెడితే ఆ ఆరో తరం, ఏడో తరం మెషిన్లు మనకి ఇంకో ఐదేళ్ళు పనికొస్తాయి. డెస్క్‌టాప్ కంటే ల్యాప్‌టాపే నయం. కరెంటు పోయినా క్లాసు ఆగదు, చిన్న ఇన్వర్టర్ చాలు, రాత్రి బీరువాలో పెట్టి తాళం వేయొచ్చు.

మీ పాత కంపెనీ ఇస్తానంటే అడ్మిన్ దగ్గరికి కాకుండా ఐటీ సపోర్టు దగ్గరికి వెళ్ళండి. మెషిన్ ఆన్ చేయగానే అడ్డుపడే బయోస్ పాస్‌వర్డ్ తీసేశారా? ఆస్తుల జాబితాలోంచి, రిమోట్ లాక్ వ్యవస్థలోంచి ఆ సీరియల్ నంబర్లు తప్పించారా? డేటా చెరిపినట్టు కాగితం ఇస్తారా? ఈ మూడూ తేలకుండా కార్లో ఎక్కించుకోవద్దు. బయోస్ లాక్ ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చుకుంటే విప్పించడానికి మళ్ళీ ఖర్చు. ఛార్జర్లు లెక్కపెట్టండి, ఎప్పుడూ తక్కువే వస్తాయి. టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి చూడండి. ఉబ్బెత్తుగా తగిలితే కింద బ్యాటరీ వాచిందని అర్థం, పిల్లలున్న గదిలోకి అది రాకూడదు. పాడైనవి పాత సామాన్ల బండికి వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునే రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి ఇచ్చి రశీదు తీసుకోండి.

కొనాల్సి వస్తే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మనం సీటీసీ అంటాం, వెళ్ళండి. రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లు, స్పేర్లు, రిపేరు అన్నీ ఒకే చోట. పదీ ఒకే మోడల్ తీసుకోండి. ఒకటి పోయినా దాని స్క్రీను, కీబోర్డు మిగతావాటికి పనికొస్తాయి. ఛార్జర్లు మారిపోయిన గొడవ కూడా ఉండదు.

సాఫ్ట్‌వేర్ వైపు పెద్ద లిస్టు అక్కర్లేదు. లిబ్రెఆఫీస్, బ్రౌజర్, చిన్నపిల్లలకి ఆటలతో నేర్పే జీకాంప్రి, కాస్త పెద్దవాళ్ళకి బ్లాకులు పేర్చి ప్రోగ్రామింగ్ నేర్చుకునే స్క్రాచ్. నెట్ లేని చోట కివిక్స్ అనే యాప్‌లో తెలుగు వికీపీడియా మొత్తం ఎక్కించి పెట్టుకోవచ్చు. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగులో కూడా దొరుకుతాయి, మీ టీచర్ ఖాళీ సమయంలో చూసి నేర్చుకోవడానికి అవి బాగుంటాయి. అందరి స్క్రీన్లూ ఒక్కచోట చూడాలంటే వేయాన్ వేసుకోండి. పూర్తిగా తయారైన ఒక మెషిన్‌ని క్లోనెజిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో ఇమేజ్ (ఉన్నదున్నట్టు కాపీ) తీసి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ఏ మెషిన్ మొరాయించినా టీచరే అరగంటలో మళ్ళీ నిలబెట్టుకోగలగాలి, దానికి మీకు ఫోన్ రాకూడదు.

‘లినక్స్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తదా సార్?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రెండు మెషిన్లలో లైసెన్స్ ఉన్న విండోస్, ఎమ్మెస్ ఆఫీస్ ఉంచండి. ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకి చివరి రెండు వారాలు వాటి మీద అలవాటు చేయించండి. సిద్ధాంతం కోసం ఒకమ్మాయి ఉద్యోగం పోగొట్టొద్దు. పైరేటెడ్ కాపీలు మాత్రం అసలు వద్దు.

ఏం నేర్పాలి

మీరు ఆఫీసులో కూర్చుని రాసుకొచ్చిన సిలబస్‌లో పైథాన్ ఉంటుంది, వెబ్ డిజైన్ ఉంటుంది, ఇప్పుడైతే ఏఐ కూడా ఉంటుంది. అది పక్కన పెట్టి ఒక సాయంత్రం బస్తీలో ఉన్న నెట్ సెంటర్ ముందు నిలబడండి. జనం దేనికి డబ్బులిచ్చి చేయించుకుంటున్నారో చూడండి. స్కాలర్‌షిప్ అప్లికేషన్. ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా. హాల్ టికెట్ ప్రింటు. ‘ఫొటో 50 కేబీ లోపు, సంతకం 30 కేబీ లోపు’ అని వెబ్‌సైటు అడిగితే ఏం చేయాలో తెలియని డిగ్రీ అమ్మాయి. మీ మొదటి నెల సిలబస్ అక్కడే ఉంది.

ఆ ఫొటో పాఠాన్నే తీసుకోండి. ఫోన్లో తెల్లగోడ ముందు ఫొటో తీయాలి. దాన్ని కంప్యూటర్లోకి తేవాలి. ఎక్కడ సేవ్ అయిందో వెతకాలి. కత్తిరించాలి, సైజు తగ్గించాలి, పేరు మార్చి వేరే ఫోల్డర్లో పెట్టాలి, ఎంబీకీ కేబీకీ తేడా తెలియాలి, అప్‌లోడ్ చేయాలి. ఫైళ్ళు, ఫోల్డర్లు, ఫార్మాట్లు అని పేరు పెట్టకుండానే సగం పాఠాలు అందులో అయిపోయాయి. ఆ వారం ఇంట్లో అందరి ఫొటోలూ, సంతకాలూ సరైన సైజులో ఒక ఫోల్డర్లో పెట్టించండి. నెట్ సెంటర్‌కి కట్టే డబ్బులు మిగిలాయని ఇంట్లో తెలిస్తే ఆ పిల్లని మానిపించరు.

తర్వాత ఈమెయిలు. చాలామందికి మెయిల్ ఐడీ ఉంటుంది, కానీ అది నెట్ సెంటర్ అబ్బాయి క్రియేట్ చేసింది, పాస్‌వర్డ్ అతని దగ్గరే. ఓటీపీ మాత్రం భర్త ఫోన్‌కి వెళ్తుంది, అతను డ్యూటీలో ఉంటాడు. సొంత మెయిలు, సొంత పాస్‌వర్డు, అది రాసి దాచుకునే చిన్న పుస్తకం. పాస్‌వర్డు రాసి పెట్టుకోవద్దని ఆఫీసులో చదివిన సెక్యూరిటీ ట్రైనింగ్ ఇక్కడ మర్చిపోండి. బీరువాలో పుస్తకం ఉన్నా నష్టం లేదు, పక్కవాడి దగ్గర పాస్‌వర్డ్ ఉంటేనే నష్టం.

పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు మొదటి గంటని తేలిగ్గా తీసుకోకండి. నలభై ఏళ్ళ అక్క మొదటిసారి మౌస్ పట్టుకుంటే మోచేయి దాకా బిగుసుకుంటుంది. టేబుల్ అంచుకి మౌస్ వచ్చేస్తుంది, బాణం ఇంకా స్క్రీన్ మధ్యలోనే ఉంటుంది. ఏం చేయాలో తోచక మీ వైపు చూస్తుంది. మౌస్‌ని గాల్లోకెత్తి మళ్ళీ మధ్యలో పెట్టుకోవచ్చని ఏ పుస్తకంలోనూ ఉండదు, నోటితో చెప్పాలి. డబుల్ క్లిక్ చేయబోతే రెండు నొక్కుల మధ్య చేయి కదిలి ఫోల్డర్ పక్కకి జరుగుతుంది. సెట్టింగ్స్‌లో ఆ వేగం తగ్గించండి, లేదా ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టమనండి. పేకముక్కల సాలిటేర్ రెండు రోజులు ఆడిస్తే చేయి దానంతటదే వదులవుతుంది. వాలంటీర్లందరికీ ఒకటే నిబంధన పెట్టండి: నేర్చుకునేవాళ్ళ మౌస్ మీద మీ చేయి పడకూడదు. ‘ఇలా ఇవ్వండమ్మా, నేను చేస్తా’ అన్న క్షణంలో ఆమె పాఠం ఆగిపోతుంది.

తెలుగు టైపింగ్‌కి లినక్స్‌లో ఐబస్ అనే టూల్ పెట్టుకుంటే తెలుగు అక్షరాల కీబోర్డు అయిన ఇన్‌స్క్రిప్టూ వస్తుంది, ఇంగ్లిషు అక్షరాలతో కొట్టే పద్ధతీ వస్తుంది. డీటీపీ, టైపింగ్ పని చేయాలనుకునేవాళ్ళకి ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి, మిగతావాళ్ళకి రెండోది చాలు. మెనూలు మాత్రం ఇంగ్లిషులోనే ఉంచి తెలుగులో వివరించండి. రేపు వాళ్ళు పనిచేసే ఆఫీసులో ‘ఫైల్, సేవ్ యాజ్’ అనే ఉంటుంది.

మోసాల పాఠం ప్రతి బ్యాచ్‌కీ తప్పనిసరి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. వీడియో కాల్‌లో ఎవర్నీ అరెస్టు చేయరు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్. ఈ మూడింటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి నాటకంలా ఆడించండి. ఒకరు మోసగాడు, ఒకరు అత్తగారు. నవ్వుతూ నేర్చుకుంటారు, ఇంటికెళ్ళి పక్కింటికి కూడా చెప్తారు.

‘సర్టిఫికెట్ ఇస్తారా?’ అని తల్లిదండ్రులు అడిగితే చిన్నచూపు చూడకండి. మీరు ప్రింటు తీసి ఇచ్చే కాగితం కంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ నీలిట్ నడిపే ప్రాథమిక కంప్యూటర్ కోర్సు, సీసీసీ, పరీక్షకి తయారు చేయించండి. అది 80 గంటల కోర్సు. కేంద్రం గ్రామాల కోసం పెట్టిన డిజిటల్ సాక్షరత పథకం 20 గంటలది. 6 కోట్లమందికి నేర్పాలన్న లక్ష్యంతో 2017లో మొదలై 2024 మార్చితో ముగిసింది. ఇరవై గంటల్లో ఒక మనిషి తనంతట తాను అప్లికేషన్ నింపే స్థాయికి రావడం కష్టం అని నా అభిప్రాయం. నాలుగు నెలలు, వారానికి ఐదు రోజులు, రోజుకి గంట పెట్టుకుంటే సీసీసీ లెక్కకి దగ్గరగా వస్తుంది, మనిషికీ ధైర్యం వస్తుంది. ఆంధ్రలో గ్రూప్ ఉద్యోగాలకి చదివేవాళ్ళుంటే ఏపీపీఎస్సీ కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్టుకి ఒక విడి బ్యాచ్ పెట్టండి, వద్దన్నా వస్తారు.

టీచర్‌ని వెతకండి

మొదటి రెండు బ్యాచుల్లోనే ఆ మనిషి కనిపిస్తుంది. అందరికంటే వేగంగా నేర్చుకునే పిల్ల కాకపోవచ్చు. తన పని అవ్వగానే పక్కవాళ్ళ స్క్రీన్‌లోకి తొంగిచూసి, చేయి పెట్టకుండా, ‘అక్కా, పైన చూడు, నీలం బటన్’ అని చెప్పే అమ్మాయి ఉంటుంది. ఇంటరో డిగ్రీయో అయ్యి, ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తూ, బయట ఉద్యోగానికి పంపని ఇల్లు. ఆమెతో, ఆమె తల్లితో మాట్లాడండి. దగ్గర్లోని షాపింగ్ మాల్‌లో సేల్స్ గర్ల్‌కి ఎంతిస్తారో కనుక్కుని, అంతకి తగ్గకుండా జీతం ఇవ్వండి, ఒకటో తారీఖుకే ఇవ్వండి. ‘సేవ కదా’ అని గౌరవ వేతనం పేరుతో మూడు వేలు చేతిలో పెడితే ఆరు నెలల్లో ఆమె మాల్‌కే వెళ్తుంది, వెళ్ళాలి కూడా.

కేరళ 2001లో మొదలుపెట్టిన ఐటీ ఎట్ స్కూల్ పథకం, ఇప్పటి కైట్, ఇన్నేళ్ళు నిలబడింది. నాకు కనిపించే కారణం: బయటినుంచి నిపుణుల్ని తేకుండా బడి టీచర్లనే శిక్షకులుగా తయారు చేశారు, సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి మార్చి తమ చేతిలో పెట్టుకున్నారు. దీనికి ఎదురుగా కొందరు 1999లో ఢిల్లీ కాల్కాజీలో పరిశోధకుడు సుగతా మిత్రా గోడలో బిగించిన కంప్యూటర్ గురించి చెప్తారు, పిల్లలు ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నారు కదా అని. పిల్లలు నేర్చుకుంటారు, నిజమే. నలభై ఏళ్ళ అక్క గోడ దగ్గరికి రాదు.

మీ టీచర్‌కి మీరు నేర్పాల్సింది కంప్యూటర్ కంటే మిగతావి ఎక్కువ: రిజిస్టర్ రాయడం, రశీదు ఇవ్వడం, కరెంటు బిల్లు కట్టడం, తాగొచ్చినవాణ్ణి గుమ్మం దాటనివ్వకపోవడం, కార్పొరేటర్ ఫ్లెక్సీ కడతానంటే మర్యాదగా వద్దనడం. ఐటీలో మీకు అబ్బిన మంచి అలవాటు ఒకటి ఇక్కడ పనికొస్తుంది, అన్నీ రాసిపెట్టడం. గోడ మీద ఒక చార్టు అంటించండి: మెషిన్ ఆన్ కాకపోతే ఏం చేయాలి, నెట్ రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. డ్యాష్‌బోర్డులూ క్వార్టర్ టార్గెట్లూ మాత్రం ఆఫీసులోనే వదిలేసి రండి. ‘ఈ నెల ఎంతమంది?’ అని మీరు వారం వారం అడిగితే ఆమె రిజిస్టర్లో పేర్లు కలపడం మొదలుపెడుతుంది.

డబ్బు

పది మెషిన్ల సెంటర్‌కి పెద్ద ఖర్చు టీచర్ జీతం, తర్వాత అద్దె, నెట్, కరెంటు. దాతలకి మెషిన్లు కొనివ్వడం ఇష్టం, ఫొటోలో కనిపిస్తాయి కాబట్టి. జీతం ఇవ్వమంటే వెనకాడతారు. అందుకే నెలకి అయిదొందలో వెయ్యో ఇచ్చే పాత సహోద్యోగుల్ని ముప్పై మందిని పోగు చేయండి, బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించండి. 80జి చూపించి ఊరించాలని చూడకండి. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, ఇప్పుడు ఉద్యోగుల్లో చాలామంది కొత్తదానిలోకి వెళ్ళిపోయారు. పాతదానిలో ఉన్నవాళ్ళకైనా 2 వేలకి మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు.

ఒకే పెద్ద దాత మీద బండి నడపొద్దు. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం 2001లో మొదలుపెట్టిన బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల పల్లెల్లో చదువు, వైద్యం, మంచినీళ్ళతో పాటు గ్రామ్ఐటీ పేరుతో పల్లెలోనే బీపీవో ఉద్యోగాలు కూడా కల్పించింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ పనులన్నీ కుదేలయ్యాయి. అక్కడి పనిలో లోపం ఉండి కాదు, డబ్బొచ్చే మూలం ఎండిపోయి.

నేర్చుకునేవాళ్ళ దగ్గర నెలకి వందో రెండొందలో ఫీజు తీసుకోండి, ఇవ్వలేనివాళ్ళకి అడక్కుండా మాఫీ చేయండి. ఉచితం అంటే పిల్లాడు రాకపోయినా ఎవరూ పట్టించుకోరు. ఫీజు కట్టిన తల్లి వచ్చి ‘మావాడు వస్తున్నాడా?’ అని అడుగుతుంది.

పిల్లల జాగ్రత్త

గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి, వాళ్ళలో ఒకరు ఆడవాళ్ళు. తలుపు తెరిచే ఉండాలి. వాలంటీర్లు పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోకూడదు, ఏమన్నా చెప్పాలంటే తల్లిదండ్రుల గ్రూపులో చెప్పాలి. ఏదైనా అనుమానం వస్తే కప్పిపుచ్చడం నేరం. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాసి ఉంచండి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలు కంప్యూటర్లో పెట్టుకోవాలంటే 2023 నాటి డేటా చట్టం తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది, కాబట్టి చేరేటప్పుడే సంతకం తీసుకోండి. దాతలకి పంపే ఫొటోల్లో పిల్లల ముఖాలు అక్కర్లేదు. చేతులూ కీబోర్డూ కనిపిస్తే చాలు.

తిరిగి వెళ్ళే దారి మూసేసుకోకండి

వారానికి ఒకటి రెండు రోజులు కాంట్రాక్టు పని ఉంచుకుంటే డబ్బుకీ మంచిది, చేయి తుప్పు పట్టకుండానూ ఉంటుంది. రెజ్యూమెలో ఆ కాలాన్ని ‘కెరీర్ బ్రేక్’ అని రాయకండి. పది మెషిన్లు నిలబెట్టారు, ఒక మనిషిని ఉద్యోగంలో పెట్టి తయారు చేశారు, బడ్జెట్ నడిపారు, అవే రాయండి. రెండేళ్ళ గడువు దగ్గర పడుతున్నప్పుడు ఒక నెలరోజులు సెంటర్‌కి వెళ్ళడం ఆపి చూడండి. ఆ నెలకి ముందే బ్యాంకు ఖాతాలో రెండో సంతకం, రౌటర్ పాస్‌వర్డు, అద్దె ఒప్పందం కాపీ, రిపేరు చేసే అబ్బాయి నంబరు టీచర్ చేతికి వచ్చేసి ఉండాలి. నెలయ్యాక వెళ్ళి రిజిస్టర్ తెరిచి హాజరు చూడండి. సగానికి పడిపోయి ఉంటే ఇంకో ఏడాది పని మిగిలుంది. పడకపోతే రెండో బస్తీలో గది వెతకడం మొదలుపెట్టొచ్చు, లేదా హెచ్ఆర్ వాళ్ళ ఫోన్ ఎత్తొచ్చు.